వెల్లుల్లి చేయి

తొమ్మిదో తెప్ప, పరీక్ష గది దినచర్య
రాస్తున్నది: భావనారాయణ

విత్తన పడవకు 41 రోజులు

ఈ రోజు నాకు సంబంధం లేని ఫిర్యాదు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. వంటశాల పక్క తొట్లలో చక్రవర్తికూర ఆకులకు మచ్చలు పడుతున్నాయట. తెప్ప పెద్ద పేర్రాజు గారు స్వయంగా ఒక ఆకు తుంచి తెచ్చారు.

నేను వెల్లుల్లి మనిషిని. పదకొండేళ్లుగా నా పని ఒక్కటే. వెల్లుల్లిలో వైరస్ ఉందో లేదో చూడటం, లేకపోతే లేదని ముద్ర వేయడం. నా ముద్ర పడితేనే మా విత్తనం మిగతా ఎనిమిది తెప్పలకు పడవెక్కుతుంది. నేల మునిగి మనుషులు తెప్పల మీదికి చేరాక వెల్లుల్లి విత్తనం మిగిలింది ఒక్క మా తెప్ప మీదే. అంత బాధ్యత నెత్తిన పెట్టుకున్నవాడికి కూరాకులు చూపించడం ఏమిటి?

"కూర సంగతి నాకు తెలియదండీ," అన్నాను.

"ఆకేగా. చూడు," అన్నారు పేర్రాజు గారు. ఆయనతో వాదించి గెలిచినవాడు ఇంతవరకు ఈ తెప్ప మీద లేడు.

38 రోజులు

చూశాను. కూరాకు నలిపి, రసం ఒక చుక్క పట్టీ మీద వేసి, పట్టీని పలకలో పెట్టాను. పలక అంటే నా యంత్రం. మనకు తెలిసిన వెల్లుల్లి వైరస్‌లు మూడు, ఒక్కోదానికి ఒక్కో గీత వస్తుంది. వైరస్ ఉంటే గీత ఎర్రబడుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. మూడూ తెల్లగానే ఉన్నాయి.

ఎలాగూ పని మొదలుపెట్టాను కదా అని విత్తన గదిలో వేలాడుతున్న వెల్లుల్లిలోంచి కూడా నాలుగు పాయలు తీసి చూశాను. తెలుపే. పదకొండేళ్లలో ఒక్క గీత కూడా ఎర్రబడలేదు. అది నా గొప్పతనమేనని ఎవరూ అనలేదు గాని, నేను అనుకుంటూనే ఉన్నాను.

36 రోజులు

తొట్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు చూశాను. మచ్చలు ఇష్టం వచ్చినట్టు పడలేదు. మా తెప్ప మీద కూర మొక్కను పీకం, ఆకు ఆకుగా గిల్లుకుంటాం. గిల్లిన తొడిమలకు ఆనుకుని, మిగిలిన ఆకుల మీద, పైన ఒక గుంపు, కింద ఒక గుంపు. నా బొటనవేలు, చూపుడువేలు ఆ మచ్చల మీద పెట్టి చూసుకున్నాను. సరిగ్గా సరిపోయాయి.

ఇది తెగులు కాదు, ఎవరిదో చేయి. కూర కోసే చేయి ఈ తెప్ప మీద ఒక్కటే, వంటశాల నాంచారమ్మ గారిది. తొట్ల పైన బోర్డు కూడా ఉంది: వెల్లుల్లి చేత్తో ఆకు ముట్టరాదు. కార్తీకంలో వెల్లుల్లి ముట్టనివాళ్లు గొడవ చేస్తే పెట్టిన బోర్డు అది. దొంగ దొరికిందని సంతోషంగా వంటశాలకు బయల్దేరాను.

అదే రోజు, భోజనాలయ్యాక

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

నాంచారమ్మ గారు రోట్లో వెల్లుల్లి దంచుతున్నారు. ఆ రోలు మునిగిపోయిన ఒక ఇంట్లోంచి గజ ఈతగాళ్లు తాళ్లు కట్టి లాగింది. ఇంత బరువైన వస్తువు తెప్ప మీద ఇంకోటి లేదు, ఆవిడ మాట తప్ప.

"చేతులు కడుక్కోకుండా కూర కోస్తున్నారా?" అని అడిగాను.

"చెంబుడు వాన నీళ్లిచ్చి పప్పు ఉడికించమంటన్నారు. ఆ నీళ్లు చేతుల మీద పోసుకోమంటావా, పప్పులో పోయమంటావా?"

"ఎన్నాళ్లుగా ఇలా కోస్తున్నారు?"

"పాతికేళ్ల నుంచి. కోస్తే కోశాను గాని, మరి మచ్చలు ఈ నెలలోనే ఎందుకు పడ్డయ్యో చెప్పు. సదువుకున్నోడివి గదా."

ఆవిడ రోకలి పక్కన పెట్టి, నేను అడగకుండానే చెప్పారు.

"నేను ఆలోచించా. ఈ నెలలో మారింది రెండే. రోలు నున్నబడిపోయిందని ఉలితో గంట్లు కొట్టించాం. అప్పట్నుంచి నూరినదాంట్లో రాతి పొడి తగులుతంది. రెండోది, వంటకిచ్చిన పెద్ద పాయలు అయిపోయినయ్యని పెద్దాయన విత్తన గదిలోంచి ఈ సన్న పాయలు ఇప్పించాడు. ఈ రెంటిలో ఏదో ఒకటి, లేకపోతే రెండూ."

మచ్చలకు కారణం వెతకమని నన్ను పంపారు. అప్పటికే ఆవిడ ఆ పనిలో సగం దాటేశారు. సిగ్గనిపించింది. ఆ సిగ్గులో కొంచెం కోపం కూడా ఉందని రాయకపోతే ఈ దినచర్యకు అర్థం లేదు.

35 రోజులు

పొద్దున్నే నాంచారమ్మ గారు నాలుగు కూర మొక్కలు వేరుచేసి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి ఉంచారు. ఎర్ర దారం మొక్కకు సన్న వెల్లుల్లి, రాతి పొడి కలిపి. నీలం దానికి సన్న వెల్లుల్లి మాత్రమే. పచ్చ దానికి పెద్ద వెల్లుల్లి, రాతి పొడి. తెల్ల దానికి నీళ్లు, రాతి పొడి. ఆకు మీద వేలితో ఒకే తీరుగా మూడుసార్లు రుద్దాలి, ఎక్కువా కాదు తక్కువా కాదు.

నాకు శిక్షణ ఇచ్చిన పుస్తకంలో ఇలాంటి ఏర్పాటుకు ఒక అధ్యాయమంతా ఉంది. ఆవిడ ఆ పుస్తకం చూడలేదు. ఉప్పు ఎక్కువైందా, చింతపండు ఎక్కువైందా తేల్చుకోవాలంటే ఒక్కోటి తీసేసి రుచి చూస్తారు గదా, అంతేనన్నారు.

"పెద్ద పాయలు అయిపోయాయన్నారు. పచ్చ మొక్కకు ఎక్కడిది?" అని అడిగాను.

"ఒకటి నేను తెస్తాలే," అన్నారు నాంచారమ్మ గారు, నా వైపు చూడకుండా.

అడగాల్సింది. అడగలేదు.

25 రోజులు

పది రోజులకు ఫలితం వచ్చింది. ఎర్ర దారం మొక్క ఆకుల మీద ముప్పై ఒక్క మచ్చ. నీలం మీద రెండు. పచ్చ, తెలుపు శుభ్రంగా ఉన్నాయి.

సంగతి ఇది. మా సన్న వెల్లుల్లిలో వైరస్ ఉంది. రాతి పొడి కూరాకు పైపొరను గీరితే వెల్లుల్లి రసం లోపలికి దిగుతుంది. చక్రవర్తికూరకు ఒక గుణం ఉంది. వైరస్ తగిలిన చోటే ఆ కాస్త ఆకునూ మాడ్చుకుని, దాన్ని అక్కడే ఆపేస్తుంది. ఆ మాడిన చుక్కే మచ్చ.

పలక అబద్ధం చెప్పలేదు. మూడు పేర్లు చెప్పి ఉన్నాయా అని నేను అడిగాను, లేవంది. ఉన్నది నాలుగోది, దానికి ఇంకా పేరు లేదు. నేను దాన్ని అడగనే లేదు. కూరాకుకు పేర్లతో పని లేదు, ఎవరొచ్చినా మచ్చే.

సన్న పాయలంటే విత్తన పాయలే. నేను ఏటా ముద్ర వేసి పంపుతున్నవి అవే.

24 రోజులు

పేర్రాజు గారికి చెప్పాను.

"పలక ఏమంటోంది?" అన్నారు.

"లేదంటోంది."

"కూరాకు ఉందంటోంది. నువ్వెవరి పక్షం?"

"కూరాకు పక్షమండీ."

"అయితే నీ పదకొండేళ్ల ముద్రలు?"

"తప్పేనండీ."

ఆ మాట అనడానికి రాత్రంతా సాధన చేశాను. నోట్లోంచి వచ్చేటప్పుడు మాత్రం చాలా చిన్నగా వచ్చింది. విత్తన పాయలు ఆరువందల పన్నెండు ఉన్నాయి, వాటిలో ఎన్ని బాగున్నాయో తేల్చమన్నారు పేర్రాజు గారు. అన్నీ చెడితే వెల్లుల్లి అనేదే ఇక ఉండదు. ఏటా కుంగిపోతూ రెండు మూడు పంటల్లో పోతుంది. పంపితే అన్ని తెప్పల మీదా పోతుంది.

పాయకు సగం ఆకు చొప్పున రుద్దినా మూడువందల ఆరు ఆకులు కావాలి. అంటే తెప్ప మీద రెండువందల ముప్పై మందికి పది రోజులు కూర ఉండదు. మధ్యాహ్నం పెద్దాయన ఆ మాట చెబితే ఒక్కరూ ఎదురాడలేదు. పచ్చడిలో వెల్లుల్లి లేని బతుకు వాళ్లు ఊహించుకున్నట్టున్నారు.

22 రోజులు

రెండు రోజులు పట్టింది. ఇంత అందమైన పని నేను చూడలేదు.

ఒకే రోట్లో నూరితే ఒక పాయ రసం ఇంకోదానికి అంటుకుంటుంది. అందుకని నాంచారమ్మ గారు తెప్పంతా తిరిగి కొబ్బరి చిప్పలు పోగుచేశారు. పాయకొక రెబ్బ, రెబ్బకొక చిప్ప, నూరడానికి చిప్పకొక వెదురు ముక్క. రోలు గంట్లలోంచి రాలిన రాతి పొడిని పాత చీర గుడ్డలో జల్లించి, చిటికెడు చిటికెడు వేశారు. పాయకూ పాయకూ మధ్య చేతులు బూడిదతో తోముకుని కడుక్కున్నారు. ఆ నీళ్లు ఎక్కడివని అడిగితే, రెండు రోజులుగా తన తాగే నీళ్లలో సగం దాచానన్నారు.

ఆకు కొసన చిన్న గాట్లు పెట్టి అంకెలు గుర్తుపెట్టారు. మూడు గాట్లు, ఒక చిల్లు అంటే పదమూడు. నేను కాగితం మీద రాసుకుంటూ రెండుసార్లు తప్పాను. ఆవిడ ఒక్కసారి కూడా తప్పలేదు. నా తప్పులు పట్టుకున్నదీ ఆవిడే. "నువ్వు తొందరపడతావు భావనారాయణా. పోపులాగా చూడాలి దీన్ని, కన్ను తిప్పితే మాడుద్ది," అన్నారు.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. రెండు రోజులు నడుం ఎత్తలేదు.

12 రోజులు

ఆరువందల పన్నెండుకు ఆరువందల పన్నెండూ మచ్చలు పడ్డాయి.

నమ్మలేక పాత పుస్తకాలు తీశాను. నేను చేరిన సంవత్సరం పాయ సగటు బరువు ముప్పై ఒక్క గ్రాములు. ఈ సంవత్సరం పదిహేడు. ఆకుల మీద సన్నని పసుపు చారలు అని ఐదేళ్లుగా నేనే రాశాను. పక్కన కారణం కూడా రాశాను: ఉప్పుగాలి. ఎంత చక్కటి చేతిరాతో.

ఇంకోటి కూడా దొరికింది. మొదటి ఏడాది పేజీలో, తెప్ప కట్టిన తరం రాసిన నియమం: పెద్ద పాయలు పొయ్యికి, చిన్నవి మట్టికి. ఆకలి రోజుల్లో రాసుకున్నది. రెబ్బ ఏదైనా మొలుస్తుంది కదా, పెద్దది తిందాం అనుకున్నారు, పాపం. వైరస్ పట్టిన పాయే చిన్నదవుతుంది. అంటే డెబ్బై ఏళ్లుగా మేము జబ్బు పాయలను ఏరి ఏరి నాటుతున్నాం, మంచివాటిని ఏరి ఏరి తింటున్నాం. అందులో చివరి పదకొండేళ్లు సంతకం నాది.

మంచివి ఈ ఏటికి తినేశాం. అయిపోయాయి. పెద్దాయనకు ఈ మాట రేపు చెప్పాలి.

11 రోజులు

చెప్పకముందే నాంచారమ్మ గారు పరీక్ష గదికి వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. తలుపు దగ్గరకు వేసి, కొంగులోంచి ఒక మూట తీసి బల్ల మీద పెట్టారు. విప్పితే వెల్లుల్లి. పొగకు నల్లబడిన పైపొట్టు, లోపల నా పిడికిలంత పాయలు. ఇరవై రెండు.

"పొయ్యి పైన అటక మీద దాచా," అన్నారు. "వంటకిచ్చినప్పుడల్లా ఒకటి పక్కన పెట్టా. చైత్రం నుంచి."

తిండి దాచినవాళ్లకు వంటశాలలో చోటుండదు. ఆ నియమం ఈ తెప్ప మీద అందరికీ తెలుసు, వంట చేసేవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

"ఎందుకండీ?"

"నాలుగో తెప్ప మీద మా సింధుజకి ఈ కార్తీకంలో పురుడు. బాలింతకి వెల్లుల్లి కారం పెట్టాలిగా. నేతిలో వేయించి, మొదటి ముద్దలో పెట్టి. మా అమ్మ నాకు పెట్టింది. వాళ్ల తెప్ప మీద ఆ సన్నటివే ఉంటయ్యి, అయ్యీ నలుగురికో పాయంట." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. చేయి మాత్రం మూట మీదే ఉంది. "పచ్చ దారం మొక్కకి తెచ్చింది ఇందులోదే. దానికి మచ్చ పడలా. అప్పుడే తెలిసింది నాకు ఇయ్యి మంచియ్యని. నిన్న నువ్వు అన్నీ చెడినయ్యి అన్నాక రాత్రి నిద్ర పట్టలా. తీసుకో."

ఆ చేయి మూట మీంచి తీయడానికి కాస్త సమయం పట్టింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

తర్వాత ఇద్దరం పని మొదలుపెట్టాం. ఇరవై రెండు రెబ్బలు, ఇరవై రెండు చిప్పలు. తొట్లలో మిగిలిన లేత ఆకులు సరిగ్గా సరిపోయాయి. ఫలితం వచ్చేది పడవ వచ్చే ముందు రోజు.

4 రోజులు

ఏడో నంబరు ఆకు మీద ఒక మచ్చ. పదిహేడో నంబరు మీద మూడు. నాంచారమ్మ గారు వంట మధ్యలో మూడుసార్లు వచ్చి చూసి వెళ్లారు. పప్పు అడుగంటింది. పాతికేళ్లలో మొదటిసారట, భోజనాల దగ్గర అందరూ అదే మాట్లాడుకున్నారు.

1 రోజు

ఇరవై రెండులో మూడు పోయాయి. పంతొమ్మిది శుభ్రం. భూతద్దంతో ఆకు ముందూ వెనకా చూశాను. ఆవిడ వేలి కొసతో తడిమి చూశారు. ఇద్దరి లెక్కా ఒకటే. నా కళ్లు చెమర్చాయి. ఈ వయసులో కూరాకు చూసి ఏడుస్తానని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ల మీద కేకలేసేవాణ్ని.

పేర్రాజు గారు వచ్చారు. పాయలు చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

"ఇవెక్కడివి?"

విత్తన గది మూలన దొరికాయని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఆ అబద్ధం ఉదయం నుంచే సిద్ధం చేసుకున్నాను.

"నేను దాచినయ్యి," అన్నారు నాంచారమ్మ గారు. "పొయ్యి పైన. మా అమ్మాయి పురుటికి."

"నాంచారమ్మా, నియమం నీకు తెలుసు."

"తెలుసు."

"దాచిన తిండి దొరికితే వంటశాల పోతుంది. నీ కోసం మార్చను."

"మార్చమని అడగలా."

పేర్రాజు గారు పంతొమ్మిది పాయలనూ ఒక్కొక్కటిగా గుడ్డ మీద వరసగా పేర్చారు. ఆ పని చాలా నిదానంగా చేశారు.

"అయితే వంటశాల పోయింది," అన్నారు. "రేపట్నుంచి ఈ గదిలో కూర్చో. వెల్లుల్లి చూడటానికి వీడొక్కడూ చాలడం లేదు." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "పెద్దవి పొయ్యికి అన్న మాట కొట్టెయ్ భావనారాయణా. ఇక పెద్దవే మట్టికి."

నన్ను వీడు అన్నందుకు మామూలుగా అయితే వారం రోజులు అలిగేవాణ్ని.

పడవ వచ్చిన రోజు

పంతొమ్మిది పాయలు విడదీస్తే, పరీక్షకు పోయినవి పోగా, రెండువందల తొమ్మిది రెబ్బలు వచ్చాయి. మాతో కలిపి తొమ్మిది తెప్పలకు తలా ఇరవై మూడు. ఎప్పుడూ బుట్టలకొద్దీ వెళ్లే విత్తనం ఈసారి ఎనిమిది చిన్న పొట్లాలుగా వెళ్లింది. పడవవాళ్లు మా ముఖాలు చూసి, ఇంతేనా అని అడగలేదు. రెండు రెబ్బలు మిగిలితే నా కిటికీలో నాటాం.

పొట్లంతో పాటు ప్రతి తెప్పకూ ఒక చక్రవర్తికూర మొక్క, గుడ్డలో కట్టిన రాతి పొడి, ఎలా రుద్దాలో రాసిన కాగితం పంపాం. నాంచారమ్మ గారు చెబుతుంటే నేను రాశాను. "పోపులాగా చూడాలి" అన్న మాట తీసేస్తానంటే ఒప్పుకోలేదు. అలాగే వెళ్లింది.

ఇక మచ్చలు పడిన ఆరువందల పన్నెండు పాయలు. వైరస్ వెల్లుల్లిని కుంగదీస్తుంది గాని మనిషినేం చేయదు. అవి విత్తనానికి పనికిరావు, తినడానికి దివ్యంగా పనికొస్తాయి. నాలుగు రోజులుగా తెప్పంతా కూర్చుని పొట్టు తీసింది. వంటశాల వదిలిపెట్టే ముందు నాంచారమ్మ గారు చివరిసారిగా ఆ రోట్లోనే కారం నూరారు. అది జాడీలకెక్కి పడవ మీద అన్ని తెప్పలకూ వెళ్లింది. నాలుగో తెప్పకు రెండు జాడీలు ఎక్కువ. వాటి మీద పేర్రాజు గారు తన చేత్తో "సింధుజ పురుటికి" అని రాశారు.

ఆవిడ ఆ జాడీల మూతలు మూడుసార్లు బిగించి చూసుకున్నారు. పడవ కనపడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డారు.

మర్నాడు

కొత్త వంట ఘోరంగా ఉంది. చారులో ఉప్పు లేదు. ఈ సంగతి అధికారికంగా నమోదు చేస్తున్నాను.

నాంచారమ్మ గారు పొద్దున్నే వచ్చి నా బల్లను గోడకు జరిపి, తన చిప్పలకు చోటు చేసుకున్నారు. కూర తొట్ల దగ్గర ఉండే పాత బోర్డు ఊడదీసి తెచ్చి గది తలుపుకు కొట్టారు. వెల్లుల్లి చేత్తో ఆకు ముట్టరాదు అన్నదాంట్లో చివరి రెండక్షరాలు బొగ్గుతో కొట్టేసి, "ముట్టవలెను" అని దిద్దారు.

తర్వాత పడవతో పంపిన ముద్ర కాగితం నకలు చూపించమన్నారు. అందులో "పరీక్షించినది" అనే గడి ఉంది. పదకొండేళ్లుగా అక్కడ పలక నంబరు రాస్తూ వచ్చాను. ఈసారి ఇంటిపేరుతో సహా ఆవిడ పేరు రాసి, పక్కన చక్రవర్తికూర అని రాశాను. సంతోషిస్తారని చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చదువుకున్నారు.

"కూర పేరు ముందు రాయాల్సింది," అన్నారు. "మచ్చలు పడింది దానికి."

పడవ వెళ్లిపోయింది, ఇప్పుడు దిద్దడం కుదరదు. వచ్చే ఏడు అలాగే రాస్తానన్నాను.

"రాయి," అన్నారు నాంచారమ్మ గారు, కిటికీలో నాటిన రెండు రెబ్బల మీద నీళ్లు చిలకరిస్తూ. అవి తాగే నీళ్లు.